తలుపు చేసిన తప్పు

తంగెళ్ళకోటలో దొంగలకు ఏడాదికి ఒక రోజు సెలవు. ఆ రోజు ఊళ్ళో ఏ ఇంటికీ తలుపు వెయ్యరు. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా వీధి తలుపు, దొడ్డి తలుపు, ఆఖరికి మేకల కొట్టం తడిక కూడా బార్లా తీసి ఉంటాయి. బీరువా తాళాలు గూట్లో నలుగురికీ కనబడుతుంటాయి. అయినా ఒక్క చెంచా పోదు. అక్కడి దొంగలు అంత మంచివాళ్ళని కాదు. మిగతా రోజుల్లో వాళ్ళ పనితనం ఎలాంటిదో పోలీసు స్టేషన్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం వాళ్ళు కూడా తమ ఇళ్ళ తలుపులు తీసిపెట్టి, వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చుకుంటూ ఇంటి పట్టునే ఉంటారు.

దాన్ని తలుపులనాడు అంటారు. ఆ రోజు ఎవరు ఎవరింటికైనా వెళ్ళవచ్చు. గడప దగ్గరికి రాగానే ఇంటివాళ్ళు, "లోపలికి రా, నీ వెనక ఎవరూ లేరు" అంటారు. వచ్చినవాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "అవును, ఎవరూ లేరు" అని గడప దాటాలి. చూడకుండా దాటితే ఒప్పుకోరు. అప్పులవాడైనా సరే, కొత్త అల్లుడైనా సరే, వెనక్కి చూడాల్సిందే.

ఇదంతా ఎప్పటిదో మాట. ఏటవతలి సంస్థానం సైన్యం వచ్చి తంగెళ్ళకోటను పట్టుకుంది. కోటలో కత్తులున్నవాళ్ళు ముందురోజే దొడ్డిదారిన వెళ్ళిపోయారు. గెలిచినవాళ్ళు యుద్ధం చెయ్యడానికి మనిషి దొరక్క ఊరి మీద పడ్డారు. మగ్గం మీద ఉన్నవాణ్ణి మగ్గం మీదే, గానుగ దగ్గర ఉన్నవాణ్ణి గానుగ దగ్గరే నరికారు. పురిటి మంచాలు కూడా వదల్లేదు. వీధుల వెంట పరుగెత్తినవాళ్ళు కనబడిన తలుపునల్లా బాదారు. లోపలివాళ్ళు భయంతో గడియలు బిగించుకున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం ఒక ఆడమనిషి తలుపు తీసింది. నడవలో పట్టినంతమందిని లోపలికి లాక్కుని మళ్ళీ తలుపేసింది. ఈనాడు తంగెళ్ళకోటలో ఉన్నవాళ్ళంతా, దొంగలతో సహా, ఆ నడవలో పట్టినవాళ్ళ సంతానమే.

ఆ ఇల్లు ఇప్పుడు ఆదెమ్మది. వీధికి కొసన ఉంటుంది. దాని ఎదురుగా పాటివీధి. పేరుకు వీధే గాని అక్కడ ఇల్లన్నది లేదు. తుమ్మచెట్లు, పగిలిన కుండపెంకులు, మట్టిదిబ్బలు, అంతే. తంగెళ్ళకోటలో ఎంత స్థలం కరువొచ్చినా అక్కడ ఎవరూ పునాది తియ్యలేదు.

ఆదెమ్మ బస్టాండులో సున్నుండలు అమ్ముతుంది. నోరు మంచిదే గాని ఆగదు. ఆమె ఇంటి తలుపు మాత్రం ఆనాటిదే. మందంగా, నల్లగా, రెండు రెక్కల టేకు తలుపు. దాని మీద గొడ్డలి గాట్లున్నాయి. కొన్ని ఇవతలి దాకా దిగాయి. మధ్యాహ్నం తలుపు వేస్తే ఆ గాట్లలోంచి నడవలోకి ఎండ పట్టీలు పట్టీలుగా పడుతుంది. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ ఎత్తుకొచ్చి, చిటికెన వేలు ఒకసారి ఆ గాట్లో పెట్టించి తీసుకుపోతారు. ఆదెమ్మ వేలు కూడా అలా పెట్టినదే. కొడుకు పెళ్ళిలో ఇంటికి సున్నం వేయించినా ఆమె ఆ తలుపు జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు.

ఆ గొడ్డలి గురించి ఆమె ఏటేటా తలుపులనాడు ఒక కథ చెబుతుంది. తలుపు నరుకుతున్న సిపాయి పక్కింటి ఉట్టి మీద దోచిన సున్నుండ ఒకటి నోట్లో వేసుకుని పనిలోకి దిగాడట. గట్టిగా ఒక వేటు వేసి ఊపిరి పీల్చాడట. సున్నుండ పిండి గొంతుకు అడ్డం పడి, గుడ్లు తేలేసి, గడప ముందు పడ్డాడట. మిగతావాళ్ళు, ఈ ఇంట్లో ఏదో ఉందిరా అని వాణ్ణి ఈడ్చుకుంటూ పోయారట. "అందుకే మా ఇంట్లో సున్నుండ అమ్మటం ఆపం. మా కులదేవత అది" అని ముగిస్తుంది ఆదెమ్మ. జనం నవ్వుతారు. ఏడవాల్సిన రోజున కాస్త నవ్వకపోతే ఎలా అని ఆమె వాదన. అయితే ఆ నవ్వే కొంప ముంచింది.

ప్రభుత్వానికి ఆ ఏడు ఉన్నట్టుండి స్మరణ మీద మక్కువ పుట్టింది. మక్కువ పుట్టాక శాఖ పుట్టక తప్పదు. సంస్మరణల శాఖ పుట్టింది. శాఖ పుట్టాక దానికి నియమావళి కావాలి. పెద్దలు కూర్చుని ఆలోచించి ఒకే ఒక్క నియమం రాశారు. "గతమందు జరిగిన యే ఘటననైనను స్మరించునప్పుడు ఉభయపక్షముల మనోభావములు సమానముగా గాయపడవలెను, లేనిచో సమానముగా గాయపడకుండ ఉండవలెను." దీన్ని సమతౌల్య సూత్రం అన్నారు.

ఆ సూత్రం వెంటబెట్టుకుని సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు తంగెళ్ళకోటలో దిగారు. ఆయన మనిషి సౌమ్యుడు. ఎవరి మనసూ నొప్పించకూడదన్న పట్టుదలతో ఎవరి మాటా వినేవారు కాదు. ఊళ్ళోవాళ్ళను కల్యాణమండపానికి పిలిపించి, ఇక నుంచి తలుపులనాడును ప్రభుత్వమే జరుపుతుందని చెప్పి, తమవాళ్ళు తయారుచేసిన చరిత్రను చదివి వినిపించారు.

"అంతట తంగెళ్ళకోటయందు అధికార బదలాయింపు జరిగెను. తత్సందర్భమున కొంత ప్రాణనష్టము సంభవించెను."

ఆదెమ్మ పక్కింటాయన బాదరయ్య, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు, లేచి నిలబడ్డాడు. "అయ్యా, సంభవించటానికి అదేమన్నా వడగళ్ళ వానా?"

"వడగళ్ళ వానే" అన్నారు పరాంకుశం గారు సంతోషంగా. "ఆ దృక్పథాన్నే మనం అలవరచుకోవాలి. వాన మీద ఎవరికీ మనోభావాలు ఉండవు."

"మరి నరికినోళ్ళెవురో చెప్పొద్దా?"

"నరుకుట జరిగింది. అది చాలు. కర్త వచ్చాడంటే కలహం వస్తుంది." ఆయన కాగితం తిప్పారు. "ఇక రెండో భాగం. అవతలి పక్షం వారి నష్టం. చెప్పండి."

అవతలి పక్షంవాళ్ళకు నష్టమన్నది ఎక్కడా వినలేదన్నారు ఊరివాళ్ళు.

పరాంకుశం గారి ముఖం దిగులుపడింది. "శూన్యమైతే చాలా కష్టం. ఒక పక్షానికి నష్టం ఉండి ఇంకో పక్షానికి లేకపోతే సమతౌల్యం కుదరదు. అది కుదరనిదే స్మరణకు అనుమతి రాదు. అనుమతి లేని స్మరణ అంటే చట్టరీత్యా అల్లరి. తలుపులన్నీ మూయించవలసి వస్తుంది."

మండపమంతా కలకలం రేగింది. తలుపులనాడు తలుపులు మూయించడమా అని ముసలివాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఎలాగైనా ఊరిని గట్టెక్కించాలన్న తొందరలో ఆదెమ్మ నోరు ఆమె కంటే ముందు లేచింది.

"శూన్యమెందుకయిద్దయ్యా, ఒకడు పోయినాడుగా. మా గుమ్మంలోనే."

ఆపైన కథంతా చెప్పింది. ఏటా చెప్పినట్టే గుడ్లు తేలేసి మరీ చూపించింది. మండపమంతా నవ్వింది, రాసుకుంటున్న వాళ్ళు తప్ప.

"అమ్మా, మీరు స్మరణను కాపాడారు" అన్నారు పరాంకుశం గారు చేతులు జోడించి.

వారం తిరక్కుండా ఆ సిపాయి అమరుడైపోయాడు. ఊరి తరఫున పోయినవాళ్ళు సంభవించినవాళ్ళే గనుక వాళ్ళకు విగ్రహం కుదరదు. ఇతని చావుకు మాత్రం చోటుంది, కారణం ఉంది, సాక్షులున్నారు. పాటివీధిలో ఖాళీ స్థలం ఉండనే ఉంది. ఏ ఊళ్ళోనో పెట్టాలని చేయించి మూలపడేసిన ఒక పాటగాడి విగ్రహం శాఖవాళ్ళ గోదాములో ఉంటే తెచ్చి, చెవి దగ్గరున్న చేతిని గొంతు మీదికి వంచి, నెత్తిన తలపాగా పెట్టి నిలబెట్టారు. ఆ ముఖం ఇంకా రాగం తీస్తున్నట్టే ఉంది. ఆ చేతివల్ల మాత్రం రాగం గొంతులో ఆగిపోయినట్టు కనబడేది. పోతే పోయింది, అమరుడి బాధ కొట్టొచ్చినట్టుందని శాఖవాళ్ళు మెచ్చుకున్నారు.

తరువాత సున్నుండ వంతు వచ్చింది. అమరుడి ప్రాణం తీసిన తినుబండారాన్ని బస్టాండులో అరిచి అమ్మడం మనోభావాలకు మంచిది కాదన్నారు. ఆదెమ్మ పోరగా పోరగా షరతుల మీద ఒప్పుకున్నారు. సున్నుండ అమ్మువారు కొనుగోలుదారునకు ఒక గ్లాసు నీరు ఇచ్చి, అతడు పూర్తిగా మింగువరకు పర్యవేక్షించవలెను. ఆ రోజు నుంచి ఆదెమ్మ కొన్నవాడి ముందు నిలబడి వాడి గొంతు వంక చూడవలసి వచ్చింది. సిగ్గుతో కొందరు మింగలేకపోయారు. ఒకాయన ఆమె చూస్తుండగా నములుతూ నరసరావుపేట బస్సు తప్పిపోయాడు.

"నవ్వుకోమని కథ చెప్పా. నమ్మమని చెప్పానా?" అని బాదరయ్య దగ్గర వాపోయింది.

"నవ్వేవోళ్ళకి చెప్పాలక్కా కథలు. రాసేవోళ్ళకి చెప్పకూడదు" అన్నాడాయన.

అక్కడితో ఆగినా బాగుండేది. చావు అన్నాక విచారణ ఉండాలి. పరాంకుశం గారు నిపుణులను పిలిపించారు. వాళ్ళు ఆదెమ్మ ఇంటి ముందు కుర్చీలు వేసుకుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూ కారణాలు తవ్వారు. సున్నుండ ఎందుకు అడ్డుపడింది? తింటూ శ్రమ చేయడం వల్ల. శ్రమ ఎందుకు చేయవలసి వచ్చింది? తలుపు నరకవలసి రావడం వల్ల. తలుపు ఎందుకు నరకవలసి వచ్చింది? అది మూసి ఉండడం వల్ల. ఇక్కడికి వచ్చేసరికి నిపుణులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు పంకించారు.

"అంతిమ కారణం తలుపు" అని ప్రకటించారు పరాంకుశం గారు. "సకాలంలో తలుపు తెరిచి ఉంటే ఆ యువకుడు హాయిగా నమిలి, మింగి, క్షేమంగా లోపలికి వచ్చి ఉండేవాడు."

"లోపలికొచ్చి ఏం జేసేవోడయ్యా?" అంది ఆదెమ్మ.

"అది ఊహ. శాఖ ఊహల జోలికి పోదు."

ఊరి నష్టానికి కర్త లేడు. అమరుడి నష్టానికి కర్త తలుపు. తలుపుకు సొంతదారు ఆదెమ్మ. ఇక లెక్క తేలిపోయింది. ఏటవతలి సంస్థానపు వారసులను తలుపులనాటికి ముఖ్య అతిథిగా పిలిచి, ఆదెమ్మ ఆ గడప మీదే నిలబడి వారికి క్షమాపణ చదివి వినిపించాలని తీర్మానించారు. అంతేకాదు, తనవాళ్ళ గొడ్డలి గుర్తులు చూస్తే అతిథి మనసు చివుక్కుమంటుంది గనుక గాట్లన్నీ లప్పంతో పూడ్చి, పిస్తా రంగు వేయించాలన్నారు.

ఆదెమ్మ కుంచె పట్టుకొచ్చిన మనిషికి అడ్డం నిలబడింది. "నా పేణం పోయినా ఒప్పుకోను. మా అమ్మ వేలు పెట్టిన గాటయ్యా ఇది. ఈ ఊరి పిల్లకాయలందరి వేళ్ళూ ఇందులో ఉండయ్యి."

పరాంకుశం గారు ఎంతో మెత్తగా చెప్పారు. "మిమ్మల్ని బలవంతపెట్టే అధికారం నాకు లేదమ్మా. అయితే సమతౌల్యం లేని పక్షంలో ఆ రోజు ఊళ్ళో తలుపులన్నీ మూయించి సీలు వేయించే అధికారం మాత్రం ఉంది."

ఆదెమ్మ వీధి వంక చూసింది. ఆనాడు అవే గడపలు. వరసగా మూసుకున్న తలుపులు. బాదుతూ పరుగెత్తుకొచ్చినవాళ్ళు. ఇన్ని తరాలుగా ఊరంతా తలుపులు తీసుకుని కూర్చుంటున్నది ఆ సిగ్గు కడుక్కోవడానికే గదా. అదే రోజున మళ్ళీ అవే తలుపులు మూసుకుపోతే, అందుకు కారణం తనే అయితే, ఇక ఆ గడప మీద ఎలా నిలబడాలి? ఆమెకు ఏడుపు వచ్చింది. ఒక్క తలుపు కోసం ఊరి తలుపులన్నీ పోగొట్టలేక పక్కకు తప్పుకుంది.

లప్పం గాట్లలోకి పోయింది. సాయంత్రానికి తలుపు మిఠాయి కొట్టు గోడలాగ పచ్చగా నిగనిగలాడింది. ఆ రాత్రి ఆదెమ్మ అన్నం తినలేదు.

తలుపులనాడు వచ్చింది. పాటివీధిలో షామియానాలు వేశారు. బ్యాండు మేళం వచ్చింది. ఊరంతా తలుపులు బార్లా తీసిపెట్టి, ఎప్పటిలాగ ఒకరి ఇంటికి ఒకరు పోవడానికి వీల్లేక వేదిక ముందు కుర్చీల్లో కూర్చుంది. ఆదెమ్మను మాత్రం ఇంటి గడప మీద క్షమాపణ కాగితంతో నిలబెట్టారు. సభ కాగానే అతిథిని ఊరేగింపుగా అక్కడికి తీసుకువస్తారని చెప్పారు. అక్కడి నుంచి ఆమెకు వేదిక, విగ్రహం అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

ముఖ్య అతిథి రాజా వీరభూపతి బహద్దరు వారని మైకులో ప్రకటించారు. ఆ పిలుపుకు అందరి కంటే ఎక్కువ ఉలిక్కిపడినవాడు ఆయనే. సంస్థానం పోయి చాలాకాలమైంది. ఆయన ఏటవతల పశువుల డాక్టరు. పొద్దున ఒక గేదెకు పురుడు పోసి, చేతులు కడుక్కుని, బస్సెక్కి వచ్చాడు. సన్నగా, భయం భయంగా, మడతపడిన చొక్కాతో ఉన్నాడు. జేబులోంచి మాటిమాటికీ చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకుంటున్నాడు.

వేదిక ఎక్కగానే ఆయన పరాంకుశం గారి చెవిలో, "అయ్యా, నేనొక్క మాట చెప్పుకుని పోదామని వచ్చాను" అన్నాడు.

"తమరు వినడానికి వచ్చారు మహారాజా" అన్నారు పరాంకుశం గారు, ఒక శాలువా కప్పుతూ.

కాసేపటికి ఆయన మళ్ళీ లేచాడు. మళ్ళీ ఒక శాలువా కప్పారు. మూడోసారి ఆయన మైకు పట్టుకుని, "మా వాళ్ళు ఈ ఊళ్ళో చేసిన పనికి" అనేలోగా మైకు ఆపేశారు.

పరాంకుశం గారు కంగారుపడి ఆయన్ను కూర్చోబెట్టారు. "ఎంత ప్రమాదం తెచ్చిపెట్టారు. ఈ రోజు క్షమాపణ స్వీకరించేది తమరు. స్వీకరించేవారు తిరిగి క్షమాపణ చెప్పడానికి వీల్లేదు. ఎవరు ఎవరిని క్షమించాలో తేలక ఫైలు మూసుకుపోతుంది."

"అది కాదండీ, ఆ విగ్రహం ఎవరిది? ఆయన గొంతుకేమైంది?"

"తమ పూర్వీకుల సైనికుడే. మా ఊరి సున్నుండ వల్ల అమరుడయ్యాడు. అందుకు మేము సిగ్గుపడుతున్నాము."

వీరభూపతి ఆ విగ్రహం వంక చూస్తూ ఉండిపోయాడు.

తరువాత మౌనం. ఊరివాళ్ళ కోసం ఒక నిమిషం, అమరుడి కోసం ఒక నిమిషం, రెంటికీ మధ్య తేడా రాకుండా ఒకతను గడియారం పట్టుకుని నిలబడ్డాడు. మొదటి నిమిషం అయ్యాక అందరూ కళ్ళు తెరిచి, దగ్గి, మళ్ళీ మూసుకున్నారు. రెండో నిమిషం అయ్యాక తెరిచేసరికి ముఖ్య అతిథి కుర్చీలో శాలువాలు మాత్రం ఉన్నాయి.

ఆదెమ్మ గడప మీంచి చూస్తోంది. షామియానా వెనక నుంచి ఒక మనిషి దూకి, తుమ్మచెట్ల మధ్య నుంచి, కుండపెంకుల మీద కాళ్ళు మెలిపడుతూ తన ఇంటి వైపే పరుగెత్తుకొస్తున్నాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆయన వెనక పరాంకుశం గారు ఒక చేత శాలువా, ఇంకో చేత పటం కట్టించిన క్షమాపణ ప్రతి పట్టుకుని పరుగు. ఆయన వెనక నిపుణులు. వాళ్ళ వెనక, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని, వాయిస్తూ బ్యాండు మేళం.

ఆ మనిషి గడప ముందుకొచ్చి ఆగిపోయాడు. ఆయనకు ఊపిరి ఆడడం లేదు. ఆదెమ్మ చేతిలోని కాగితంలో ఏముందో ఆమెకు ఆ క్షణాన గుర్తు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ రోజున ఆ గడప మీద అంటున్న మాటే నోటికి వచ్చింది.

"లోపలికి రా నాయనా, నీ వెనక ఎవరూ లేరు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "ఉన్నారమ్మా" అన్నాడు.

ఆదెమ్మ చూసింది. నిజమే, ఉన్నారు. ఇన్ని తరాల్లో ఆ మాటకు ఎవరూ అలా జవాబు చెప్పలేదు. ఆమె ఆయన రెక్క పట్టుకుని నడవలోకి లాగింది. రెండు రెక్కలూ దగ్గరికి వేసి, మూలనున్న అడ్డకర్ర ఎత్తి బిగించింది. తలుపులనాడు తంగెళ్ళకోటలో తలుపు పడడం అదే మొదలు. అయినా ఆమెకు తీయబుద్ధి కాలేదు.

"మావోళ్ళు ఆనాడు చేసింది ఇదేలే" అంది తనలో తను అనుకున్నట్టు. "తియ్యటం ఒక్కటే కాదు. వెయ్యటం గూడా ఉంది."

నడవంతా చీకటి. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన గటగటా తాగి, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

బయట తలుపు బాదడం మొదలైంది. "మహారాజా, తలుపు తెరిపించండి. దయచేసి క్షమాపణ స్వీకరించండి." ఒకరికి తోడు ఇంకొకరు అరచేతులతో, పిడికిళ్ళతో బాదుతున్నారు. పటం అంచుతో కూడా కొట్టినట్టున్నారు. తలుపు దద్దరిల్లింది. లోపల ఉన్న ఇద్దరూ తలుపు వంకే చూశారు. బాదేది క్షమాపణ కోసమే అని తెలిసినా ఆదెమ్మ అడ్డకర్రను అదిమి పట్టుకుంది. నడవ నిండా మనుషులు ఇరుక్కుని, పిల్లల నోళ్ళు మూసి, ఈ మోతే విన్నారు గదా అనుకుంది.

అప్పుడు లప్పం రాలింది. పని తీసుకున్నవాడు సగం సున్నం కలిపి మెత్తి ఉంటాడు. ఆ ఊరికి గుత్తేదారు చేసిన మేలు అదొక్కటే. ముందు ఒక గాటులోంచి ఇంత పొడి రాలి సన్నగా ఎండ పడింది. తరువాత ఇంకో గాటు, ఇంకోటి. చూస్తుండగా నడవలో ఎండ మళ్ళీ పట్టీలు పట్టీలుగా పరుచుకుంది. వీరభూపతి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద గాటులో వేలు పెట్టి చూశాడు.

"అమ్మా, ఆయన చావలేదు" అన్నాడు.

"ఎవురు నాయనా?"

"ఆ విగ్రహమాయన. ఉత్త సిపాయి కాదు, మా రాజవంశం వాడే, మా ముత్తాతల్లో ఒకడు. గొంతుకు అడ్డంపడి పడిపోయిన మాట నిజమే. తోటివాళ్ళు నీళ్ళు తాగించారు. లేచి కూర్చున్నాడు." ఆయన గొంతు బయటికి వినబడేంత గట్టిగానే ఉంది. గాట్లు తెరుచుకున్నాయి గదా, బాదేవాళ్ళు చేతులు ఆపి చెవులు పెట్టారు. "ఈ తలుపు ఊడి రాలేదని కోపంతో గొడ్డలి తీసుకుని ఎదురు వీధిలోకి పోయాడు. అక్కడి తలుపులు ఇంత మందం లేవట. ఒక్క ఇల్లు మిగల్చలేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. దసరాకి ఆ గొడ్డలికి బొట్టు పెట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టి గొప్పగా చెప్పేవాళ్ళు. నాకూ చెప్పారు. ఆ మాట ఇక్కడికి వచ్చి చెప్పుకుని, తలవంచుకుని పోవాలని వచ్చాను. ఆయనకే విగ్రహం పెట్టారు మీరు. అదీ ఆ వీధిలోనే."

బయట బ్యాండు ఆగిపోయింది. ఆ రోజు జరిగిన మౌనాల్లో గడియారం పట్టనిది అదొక్కటే.

చాలాసేపటికి ఆదెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అడ్డకర్ర తీసి, తలుపు తెరిచింది. గడప ముందు ఊరంతా ఉంది. బాదరయ్య తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అందరికంటే ముందు పరాంకుశం గారు, అరిచి అరిచి గొంతు ఆరిపోయి, ఏదో అనబోయి మాట పెగలక, చెయ్యి గొంతు మీద పెట్టుకుని ఉన్నారు. చూసినవాళ్ళకు నవ్వు రావలసిందే, ఎవరికీ రాలేదు.

ఆదెమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు ఆయన చేతికిచ్చింది. ఆయన తాగారు. నియమావళిలో ఏ సూత్రం కింద తాగుతున్నారో ఆయనకే తెలియదు.

"లోపలికి రండయ్యా" అంది ఆదెమ్మ. "మీ వెనక ఎవరూ లేరు."

ఆయన గడప మీద కాలు పెట్టబోయారు. బాదరయ్య అడ్డంగా చెయ్యి చాపాడు. "ఎనక్కి చూడాలయ్యా. చూడకుండా దాటకూడదు."

ఊరివాళ్ళు ఇటూ అటూ జరిగి దారి ఇచ్చారు. పరాంకుశం గారు వెనక్కి తిరిగారు. ఎదురుగా పాటివీధి. తుమ్మచెట్లు, కుండపెంకులు, మట్టిదిబ్బలు, వాటి మధ్య గొంతు పట్టుకుని నిలబడిన విగ్రహం. ఆయన చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు.

"అవునమ్మా" అన్నారు చివరికి. "ఎవరూ లేరు."